మీట వెనుక మాట

ప్రయోగశాలలో బల్ల మీద రెండు గాజుసీసాలున్నాయి. రెండింటిలోనూ నీళ్ళలాంటి తేట ద్రవమే. ఒకదానిలో స్వేదనజలం, రెండవదానిలో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కాని ఏది ఏదో తెలిపే చీటీలు ఊడిపోయాయి. అప్పుడు మీరేం చేస్తారు? నీలి లిట్మస్ కాగితం ముంచి చూస్తారు. అది ఎర్రబడితే ఆమ్లమని తేలుతుంది. అయితే ఆ ఆమ్లాన్ని ఎవరు కలిపారు, ఏ ప్రయోగం కోసం కలిపారు, ఎప్పుడు కలిపారు అనే సంగతులు లిట్మస్ కాగితం చెప్పదు. వాటిని కలిపినవారే చీటీ మీద రాసి ఉంచాలి.

కంప్యూటర్ ప్రోగ్రాములకు కూడా ఇలాంటి చీటీలుంటాయి. ప్రోగ్రాము వరుసల మధ్య మనుషులు చదువుకోవడానికి రాసే మాటలను కామెంట్లు అంటారు. యంత్రం వాటిని పట్టించుకోదు. ప్రోగ్రామును ఎలా వాడాలో, ఎందుకు అలా రాశారో తెలిపే వివరణ మొత్తాన్ని డాక్యుమెంటేషన్ అంటారు. యంత్రానికి అక్కరలేని ఈ రాతకు అంత ప్రాముఖ్యం ఎందుకు? ఒక చీటీ రాయనందువల్ల నాకు కలిగిన అనుభవం ఇందుకు సమాధానం చెబుతుంది. దానికి ముందు మీటల సంగతి కొంచెం తెలుసుకుందాం.

మీటల కలయిక

కంప్యూటర్ ముందు కూర్చున్న మీలో చాలామందికి కంట్రోల్ మీటతో పాటు సి నొక్కితే నకలు తీసుకుంటుందనీ, వి నొక్కితే ఆ నకలును అతికిస్తుందనీ తెలుసు. ఇలా రెండు మూడు మీటలు కలిపి నొక్కి ఒక పని చేయించుకోవడాన్ని షార్ట్‌కట్, అనగా అడ్డదారి, అంటారు. కాపీకి సి అనే అక్షరం సరే, మరి పేస్టుకు వి ఎందుకు? కీబోర్డు కింది వరుస చూడండి. జడ్, ఎక్స్, సి, వి పక్కపక్కనే ఉన్నాయి కదూ! 1983లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన లీసా కంప్యూటర్‌లోనే ఈ నాలుగు అక్షరాలూ ఈ పనులకు వాడుకలో ఉన్నాయి. ఎడమచేయి కదపకుండానే నాలుగు పనులూ చేసుకోవచ్చు. చూశారా, మీట చేసే పని నొక్కితే తెలుస్తుంది. దాని వెనుక ఉన్న కారణం ఎవరైనా చెబితేనే తెలుస్తుంది.

సాధారణంగా మనం నొక్కిన మీట తెర మీద ముందున్న ప్రోగ్రాముకే చేరుతుంది. పోస్టుమాన్ ఉత్తరాన్ని దాని మీద రాసిన చిరునామాకే ఇస్తాడు కదా, అలాగన్నమాట. కాని కొన్ని షార్ట్‌కట్లు తెర మీద ఏది ఉన్నా పనిచేయాలి. ఉదాహరణకు ధ్వని తగ్గించే మీట. అటువంటప్పుడు ఆ ప్రోగ్రాము ముందుగానే "ఫలానా మీటల కలయిక వస్తే, ఎవరు ముందున్నా సరే, నాకు అందజేయండి" అని వ్యవస్థ దగ్గర నమోదు చేసుకోవాలి.

ఈ నమోదు పని కొంత చిక్కైనది. ప్రతివారూ దాన్ని మొదటినుంచీ రాసుకోనక్కరలేకుండా ఒకరు రాసి పదిమందికి ఇస్తారు. ఇలా పంచుకునే ప్రోగ్రాము ముక్కల సముదాయాన్ని లైబ్రరీ అంటారు. రాసినవారు ఒకరు, వాడేవారు వేరొకరు. వారిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు. వారి మధ్య నడిచే సంభాషణ అంతా డాక్యుమెంటేషన్ ద్వారానే.

నాలుగు వరుసలు

మా పాఠశాల కంప్యూటర్లలో లినక్స్ ఉండేది. ప్రశ్నలు తెర మీద చూపించి పిల్లల చేత జవాబులు రాయించే చిన్న ప్రోగ్రాము ఒకటి నేను తయారుచేశాను. మా తొమ్మిదవ తరగతిలో చూపు చాలా తక్కువగా ఉన్న అమ్మాయి ఒకతె ఉండేది. ఆమె కోసం కంట్రోల్, ఆల్ట్, బి మీటలు కలిపి నొక్కితే ప్రశ్నను పైకి చదివే ఏర్పాటు పెట్టాను. ఈస్పీక్ అనే ఉచిత ప్రోగ్రాము తెలుగులో చదివి వినిపించేది. మీటలను నమోదు చేసే భాగాన్ని విడిగా చిన్న లైబ్రరీలా రాసుకున్నాను. అందులో దాదాపు ఒకేలా ఉండే నాలుగు వరుసలుండేవి. తేడా అల్లా చివరి అంకెలోనే: 12, 14, 28, 30.

ఏడాది గడిచింది. సెలవుల్లో ఆ ప్రోగ్రామును శుభ్రం చేద్దామని కూర్చున్నాను. 12 ఏమిటో తెలిసింది. తక్కినవి ఎందుకు రాశానో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. పక్కన ఒక్క మాటైనా రాసి లేదు. ఏదో ప్రయత్నించి వదిలేసినవి కాబోలు అనుకుని మూడు వరుసలూ తీసివేశాను. మీటలు నొక్కి చూశాను. చక్కగా పనిచేసింది. సంతోషించాను.

బడి తెరిచాక పరీక్ష పెట్టాను. ఆ అమ్మాయి మీటలు నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది. పది నిమిషాలు అలాగే కూర్చుని, చివరికి మెల్లగా "నేనేమైనా తప్పు నొక్కుతున్నానా మాస్టారూ?" అని అడిగింది. ఆమె తప్పేమీ లేదు. తప్పు నాది.

తూనికరాళ్ళ లెక్క

ఏం జరిగిందో చూద్దాం. ఆ కంప్యూటర్లలో తెరనూ మీటలనూ చూసుకునేది ఎక్స్ విండో వ్యవస్థ. దీని తొలి రూపం 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పుట్టింది. పదకొండవ రూపం 1987లో వచ్చింది. ఒక మీట నొక్కినప్పుడు దానితో పాటు ఏయే సహాయక మీటలు పనిచేస్తున్నాయో ఈ వ్యవస్థ ఒక అంకె రూపంలో చెబుతుంది. షిఫ్ట్‌కు 1, క్యాప్స్ లాక్‌కు 2, కంట్రోల్‌కు 4, ఆల్ట్‌కు సాధారణంగా 8, నమ్ లాక్‌కు సాధారణంగా 16. వీటిని 1, 2, 4, 8, 16 గ్రాముల తూనికరాళ్ళనుకోండి. ప్రతి రాయీ ఒక్కటే ఉంటే, ఏ మొత్తమైనా ఒకే విధంగా వస్తుంది. 12 అంటే 8, 4 మాత్రమే. 28 అంటే 16, 8, 4 మాత్రమే. కనుక మొత్తం చూసి ఏయే మీటలున్నాయో తప్పు లేకుండా చెప్పవచ్చు.

కంట్రోల్, ఆల్ట్ కలిస్తే 12. నేను మిగిల్చిన వరుస "అంకె 12 అయితేనే నాకు ఇవ్వు" అంటుంది. ఎక్స్ వ్యవస్థ ఆ మాటను అక్షరాలా పాటిస్తుంది. ఆ అమ్మాయి జవాబుల అంకెలు వేయడానికి కీబోర్డు కుడివైపున్న అంకెల మీటలు వాడేది. అందుకోసం ఆమె కంప్యూటర్‌లో నమ్ లాక్ దీపం వెలుగుతూ ఉంది. అప్పుడు మొత్తం 12 కాదు, 28! వ్యవస్థ దృష్టిలో ఇది వేరే కలయిక. క్యాప్స్ లాక్ వేసి ఉంటే 14, రెండూ వేసి ఉంటే 30. నాలుగు వరుసలు అందుకే అవసరమయ్యాయి. నా కంప్యూటర్‌లో రెండు దీపాలూ ఆరి ఉన్నందున నా పరీక్ష నెగ్గింది. ఒకే పరిస్థితిలో ప్రయోగం చేసి ముగింపుకు రాకూడదని ప్రతి ఏడూ మీకు చెప్పే నేనే ఆ పొరపాటు చేశాను.

ఆ సాయంత్రం మూడు వరుసలూ తిరిగి రాశాను. వాటి పైన హాష్ గుర్తు పెట్టి ఈ చీటీ అతికించాను:

# ఈ నాలుగు వరుసలూ ఉండాలి, తీసివేయవద్దు.
# నమ్ లాక్ (16), క్యాప్స్ లాక్ (2) వెలిగినా మీట పనిచేయడానికే ఇవి.
# మార్చితే రెండు దీపాలనూ వెలిగించి, ఆర్పి, నాలుగు విధాలా పరీక్షించాలి.

చీటీలో ఏముండాలి?

"నాలుగుసార్లు నమోదు చేస్తున్నాం" అని రాస్తే ఏం లాభం? ఆ సంగతి వరుసలే చెబుతున్నాయి. ప్రోగ్రాము ఏం చేస్తుందో ప్రోగ్రాములోనే ఉంటుంది. ఎందుకు చేస్తుందో మాత్రం రాసినవారి తలలో ఉంటుంది. తలలోనిది కాగితం మీదికి రాకపోతే ఏడాదిలో అది ఎవరికీ దొరకదు, రాసినవారికి కూడా!

లైబ్రరీని వాడేవారి కోసం మరికొన్ని సంగతులు రాయాలి. మీటల పేర్లు ఏ రూపంలో ఇవ్వాలి? నమోదు అయిందో లేదో ఎలా తెలుస్తుంది? అదే కలయికను మరొక ప్రోగ్రాము ముందే తీసుకుని ఉంటే ఏమవుతుంది? ఎక్స్ వ్యవస్థ అలాంటప్పుడు రెండవవారిని నిరాకరిస్తుంది. ఈ సంగతి తెలియనివారు తమ ప్రోగ్రాములో లేని తప్పు కోసం రోజంతా వెతుకుతారు. ఇంకా, ఎక్కడ పనిచేయదో కూడా చెప్పాలి. నేడు చాలా లినక్స్ కంప్యూటర్లు వేలాండ్ అనే కొత్త పద్ధతికి మారాయి. అక్కడ మీటలను ఇలా నమోదు చేసుకోవడం కుదరదు. మందు సీసా మీద మోతాదుతో పాటు హెచ్చరిక కూడా ఉంటుంది కదా!

ప్రోగ్రాము యంత్రానికిచ్చే ఆజ్ఞ మాత్రమే కాదు, సాటి మనిషికి చెప్పే వివరణ కూడా అని వాదించినవారిలో ప్రముఖుడు అమెరికా శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ క్నూత్. వివరణను, ప్రోగ్రామును కలిపి ఒక వ్యాసంలా రాసే పద్ధతిని ఆయన 1984లో వివరించి, దానికి లిటరేట్ ప్రోగ్రామింగ్ అని పేరు పెట్టాడు.

గొంతు వచ్చిన చీటీ

ఈ చీటీలు ప్రోగ్రాము రాసేవారికే ఉపయోగమనుకుంటున్నారా? ఒక చక్కని ఉదాహరణ వినండి. చూపులేనివారికి తెర మీది విషయాన్ని చదివి వినిపించే ఎన్‌విడిఎ అనే ఉచిత ప్రోగ్రామును ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కర్రన్ 2006లో ప్రారంభించాడు. ఆయన కూడా చూపులేనివారే. మౌసు బాణం కనబడనివారికి షార్ట్‌కట్లే రాజమార్గం. కనుక ఆ ప్రోగ్రాములో షార్ట్‌కట్లు చాలా ఎక్కువ. అన్నీ ఎలా గుర్తుంటాయి?

దానికొక ఉపాయం ఉంది. ఎన్‌విడిఎ మీటగా ఇన్సర్ట్‌ను గాని, క్యాప్స్ లాక్‌ను గాని పెట్టుకుంటారు. దానితో 1 నొక్కితే మీటల సహాయం మొదలవుతుంది. ఆ తరువాత ఏ కలయిక నొక్కినా అది పని చేయదు, తన పని ఏమిటో పైకి చెబుతుంది! ఎఫ్12తో కలిపి నొక్కితే, ఒకసారి నొక్కితే సమయం, రెండుసార్లు నొక్కితే తేదీ చెబుతానని వివరిస్తుంది. ఆ మాటలు ఎక్కడివి? ఆ పని చేసే ప్రోగ్రాము భాగానికి, దాన్ని రాసినవారు తగిలించిన వివరణే అది. వివరణ రాయకపోతే ఆ మీట ఏం చేస్తుందో వినేవారికి తెలియదు. మరొకరు రాసిన ఒక్క వాక్యం, వారెన్నడూ చూడని మనిషికి దారి చూపిస్తున్నదన్నమాట.

మీరూ చేయండి

మీరు రాసిన ఒక చిన్న ప్రోగ్రాము తీసుకోండి. ప్రోగ్రాము లేకపోతే మీ సైన్సు రికార్డులోని ఒక ప్రయోగం తీసుకోండి. "ఇలా ఎందుకు చేశాను?" అనే ప్రశ్నకు జవాబు లేని చోట్లు వెతకండి. ప్రతి చోటా ఒక వాక్యం రాయండి. తరువాత దాన్ని మీ స్నేహితునికి ఇచ్చి, మీరు నోరు మెదపకుండా అతని చేత చేయించండి. అతడు ఎక్కడ ఆగి మీ ముఖం చూస్తాడో అక్కడ ఇంకొక వాక్యం కావాలన్నమాట.

ఆ అమ్మాయి ఆ తరువాత అదే ప్రోగ్రాముతో పరీక్షలన్నీ రాసింది. ఆ నాలుగు వరుసలు నేటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి, వాటిపైన చీటీతో సహా.