కొన్న భూమి ఎప్పుడు మనదవుతుంది?

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారిలో ఉంది లింగంపేట మండలం. 2025 ఏప్రిల్ 14న భూమి హక్కుల రికార్డుల చట్టం భూభారతి అమల్లోకి వచ్చినప్పుడు రాష్ట్రంలో ప్రయోగాత్మకంగా ఎంచుకున్న 4 మండలాల్లో ఇదొకటి. ఆ నెలాఖరు దాకా ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. పైసలు కట్టి ఏళ్ల తరబడి దున్నుకుంటున్నా పట్టా ఇంకా అమ్మినవాళ్ల పేరు మీదే ఉందన్న గోడు తెలంగాణ పల్లెల్లో కొత్తది కాదు. ఈ చిక్కు ఎక్కడ మొదలవుతుందో కొన్ని అంకెలు పట్టుకుంటే అర్థమవుతుంది.

మొదటి అంకె 100. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్పేది ఒకటే: 100 రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిని అమ్మితే రిజిస్ట్రేషన్ చేయించి తీరాలి. ఇవాళ ఆ విలువకు లోపడే జాగా ఎక్కడుంది? బయానా ఇచ్చి రాసుకునే అగ్రిమెంటుతో భూమి మనది కాదు. అమ్ముతానన్నవాడిని అమ్మమని అడిగే హక్కు మాత్రం వస్తుంది. మాట తప్పితే కోర్టుకు వెళ్లడానికి గడువు 3 ఏళ్లు. జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, రాయించుకున్నా అంతే. దానితో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

అయినా తెల్లకాగితం మీద భూములు కొన్నారు. ఒకే ఊరివాళ్లు, పెద్దమనుషుల సాక్షి సంతకాలు ఉన్నాయి, స్టాంపు ఖర్చులకు చేతిలో డబ్బు లేదు. ఇలా పుట్టినవే సాదాబైనామాలు. వాటిని క్రమబద్ధీకరించడానికి 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 వరకు దరఖాస్తులు తీసుకుంటే దాదాపు 9 లక్షలు వచ్చాయి. మధ్యలో, అక్టోబరు 29న, భూమి హక్కుల రికార్డుల పాత చట్టం పోయి కొత్తది వచ్చింది. అందులో సాదాబైనామాల ఊసే లేదు. హైకోర్టు స్టే ఇవ్వడంతో అన్నీ ఆగిపోయాయి. మళ్లీ భూభారతి చట్టంలోని 6వ సెక్షన్ దారి చూపింది, 2025 ఆగస్టులో స్టే తొలగింది. 2014 జూన్ 2కు ముందు కొని, 12 ఏళ్లకు తక్కువ కాకుండా కబ్జాలో ఉన్న చిన్న, సన్నకారు రైతులకే ఈ అవకాశం. అదీ ఆ 30 రోజుల్లో దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకే. కరోనా కాలంలో ఆ నెల దాటిపోయిన రైతు చేసిన తప్పేమిటి? ఈ షరతును సడలించి తీరాలని నా గట్టి అభిప్రాయం.

ఇక ఖర్చు. 2021 జులై 22 నుంచి అమ్మకం దస్తావేజుకు మొత్తం 7.5 శాతం. 2 ఎకరాల విలువ 8 లక్షలు అనుకుందాం. స్టాంపు డ్యూటీ 5.5 శాతం కింద 44,000, బదిలీ సుంకం 1.5 శాతం కింద 12,000, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం కింద 4,000, వెరసి 60,000 రూపాయలు. ఎకరాకు 2,500 చొప్పున మ్యుటేషన్ ఫీజు మరో 5,000. సాగు భూమికి తహసీల్దారే జాయింట్ సబ్ రిజిస్ట్రారు కాబట్టి రిజిస్ట్రేషన్, పేరు మార్పు మండల ఆఫీసులోనే ఒకేసారి అయిపోతాయి. ఇంటి ప్లాటుకైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి.

సంతకం పెట్టే ముందు దస్తావేజు చివర్లో ఉండే షెడ్యూలు ఒక్కసారి వేలుపెట్టి చదవాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు ఉండేది అక్కడే. అందులో 1-20 అని ఉంటే ఎకరా 20 గుంటలు, అంటే ఎకరంన్నర. దాన్ని దశాంశంగా 1.20 అనుకుంటే ఎకరా 8 గుంటలే అవుతుంది. తేడా 12 గుంటలు. గుంటకు 121 చదరపు గజాల లెక్కన 1,452 గజాలు! ఒకే సర్వే నంబరులో పలువురి పాసుపుస్తకాల విస్తీర్ణం కూడితే నేల మీద ఉన్నదానికన్నా ఎక్కువ తేలడం కూడా మామూలే. అందుకే భూభారతిలో దస్తావేజుకు సర్వే నక్షా జతచేయాలన్న నిబంధన నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. గెట్టు తగాదాలు పుట్టేది నక్షా లేనిచోటే.

వెనక్కి కూడా చూడాలి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లతో ఆగకుండా 1954-55 నాటి ఖాస్రా పహాణీ దాకా వెళ్లాలి. ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూమి అని తేలితే 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు, ఎన్ని చేతులు మారినా సరే. నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో ముందే చూసుకోవాలి.

తండ్రి పోయాక విరాసత్ చేయించుకునే ఇళ్లలో మరో చిక్కు ఉంది. హిందూ కుటుంబాల్లో కూతుళ్లకు 2005 సవరణ కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. అయినా అన్నదమ్ములే పంచుకుని, ఆడబిడ్డల పేర్లు రాయకుండా పట్టా చేయించుకుంటారు. అలాంటి భూమి కొంటున్నప్పుడు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగి, అందులో ఉన్న అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా దస్తావేజులో పెట్టించుకోవాలి.