క్షయవ్యాధి – గ్రామీణుల ఎఱుక

క్షయ యనగా తఱుగుట. దక్షుని శాపమున చంద్రుడు ఈ వ్యాధి పాలై దినదినము క్షీణించెనని పురాణగాథ. తారారాజునకు వచ్చినది గనుక ప్రాచీన వైద్యులు దీనిని రాజయక్ష్మ మనిరి. ఆ శాపభావన నేటికిని మనలను పూర్తిగా విడువలేదు. రోగి యున్న యింటికి పిల్లనిచ్చుటకు జంకుదురు. ఇంటివారు జబ్బు పేరెత్తక దాచుదురు. కాని యిది శాపము కాదు, వంశపారంపర్యమును కాదు. దీనికి మూలమగు సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న లోకమునకు వెల్లడించెను. ఊపిరితిత్తుల క్షయ గలవారు దగ్గినప్పుడు గాలి ద్వారా ఇతరులకు సోకును.

ఇట్టి విషయములు తెలియకనే గ్రామీణులు వైద్యశాలకు రారని చదువుకొన్నవారు తలచుట కద్దు. ఈ తలంపు ఎంతవఱకు నిజము? బెంగుళూరునందలి జాతీయ క్షయవ్యాధి సంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సన్ అను పరిశోధకులు తుమకూరు జిల్లాలోని రోగులను విచారించి, 1963లో ఫలితములు ప్రకటించిరి. రోగులలో అత్యధికులకు తమ వ్యాధిలక్షణములు తెలియును. సగమునకు మించినవారు అప్పటికే వైద్యసహాయము కోరియుండిరి. వారికి తఱచుగా లభించినది క్షయకు మందు కాదు, దగ్గుమందు సీసా! ఇక ఎఱుక లేనిది ఎవరికి?

ఒకప్పుడు మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమువంటి శానిటోరియములలో రోగులు నెలల తరబడి యుండవలసివచ్చెడిది. ఇంటనుండి మందు పుచ్చుకొన్నను అట్లే స్వస్థత చేకూరునని మదరాసు పరిశోధన 1959లో నిరూపించెను. నేడు ప్రభుత్వ వైద్యశాలలలో కఫపరీక్షయు, మందులును ఉచితము. సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స చాలును. చికిత్సాకాలమున పోషకాహారమునకై ప్రభుత్వము నెలకు 1000 రూపాయలు కూడ ఇచ్చుచున్నది. అయితే ఒంట సత్తువ రాగానే మందు మానరాదు. మానినచో వ్యాధి తిరుగబెట్టుటయే కాక, మందులకు లొంగనిదిగా మాఱవచ్చును.

ఉపాధ్యాయులు చేయదగిన పని యిచ్చటనే యున్నది. రెండు వారములు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, కఫమున నెత్తురు – వీనిలో ఏది కనబడినను కఫపరీక్ష చేయింపవలెనని పిల్లలకు బోధింపవలయును. అంతకంటె ముఖ్యము, "మా తాత దగ్గుచున్నాడండీ" యని పిల్లవాడు సిగ్గుపడక చెప్పగల బడిని ఏర్పఱచుట. పల్లె తన బాధను ఎన్నడో చెప్పినది, వినవలసినవారము మనము.