లోను కంటే ముందు లోటు చూడండి



పథకాల గురించి నన్ను అడిగే వాళ్లలో ఎక్కువమంది మొదటి మాటే "సబ్సిడీ ఎంతొస్తుంది సార్?" అంటారు. ఏం పెడతారమ్మా అని అడిగితే, పక్క వీధిలో ఎవరో పెట్టిందే చెప్తారు. ఒకే ఊళ్లో నాలుగో టైలరింగ్ షాపుకు కూడా లోను రావచ్చు. బట్టలు కుట్టించుకునేవాళ్లు మాత్రం పెరగరు కదా. కంతు మాత్రం నెలనెలా కట్టాల్సిందే. అందుకే ఈసారి పథకం వివరాల కన్నా ముందు మన దగ్గరి కథ ఒకటి చెప్తాను.

చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత కూడా పాలు కొనేవాళ్లు ఉన్నారు. పాడి చూసుకునే ఆడవాళ్లకు లేనిది తమదంటూ ఒక సంస్థ. గడ్డి కోసేది, పేడ తీసేది, పాలు పితికేది ఆమె. రేటు నిర్ణయించే చోట మాత్రం ఆమెకు కుర్చీ లేదు.

ఆ లోటు దగ్గరే శ్రీజ మొదలైంది. 2014లో 27 మంది మహిళా పాడి రైతులతో, తిరుపతి కేంద్రంగా, జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ (ఎన్‌డీడీబీ) తోడ్పాటుతో శ్రీజ మహిళా మిల్క్ ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టారు. ఇందులో పాలు పోసే ఆడవాళ్లే వాటాదారులు. కేంద్రంలో పాలను యంత్రంతో పరీక్షిస్తారు, వెన్న శాతాన్ని బట్టి రేటు కడతారు, డబ్బు నేరుగా సభ్యురాలి ఖాతాలోనే పడుతుంది. ఒక్క ఆవున్న ఆమెకైనా, పది ఆవులున్న ఆమెకైనా ఓటు ఒక్కటే. సభ్యుల సంఖ్య లక్ష దాటింది. 2023లో చికాగోలో జరిగిన ప్రపంచ డెయిరీ సదస్సులో మహిళా సాధికారత విభాగంలో ఈ కంపెనీకి అంతర్జాతీయ అవార్డు కూడా వచ్చింది.

గమనించండి, వాళ్లు కొత్త వస్తువేమీ కనిపెట్టలేదు. అమ్మింది పాలే. సరైన కొలత, సకాలంలో డబ్బు, మాటకు విలువ, ఇవీ జతచేసింది.

ఇంకోటి మీ బండిలోనే ఉండొచ్చు. పేటమిట్ట ఊరి గల్లా రామచంద్రనాయుడు అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చి, 1985లో తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా పెట్టారు. అప్పటి బ్యాటరీలకు మాటిమాటికీ డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఆ బాధ లేని బ్యాటరీల తయారీ మీదే కంపెనీ నిలబడింది. ఆయనకున్న చదువు, పెట్టుబడి మనకెక్కడివి అంటారా, నిజమే. చూపు మాత్రం ఒకటే.

ఇప్పుడు మీ ఊరికి రండి. మనకు బెంగుళూరు మామిడి విరగ్గాసిన ఏడు ధర పడిపోతుంది. టమోటా ఒక్కోసారి రోడ్డు పక్కన పారబోస్తారు. చెనిక్కాయలు పండించి, నూనె ప్యాకెట్ టౌన్లో కొంటాం. ఇవన్నీ లోట్లే. మామిడి తాండ్ర, టమోటా ఒరుగులు, గానుగ నూనె లాంటి ఆహార యూనిట్లకు పీఎంఎఫ్ఎంఈ పథకం పనికొస్తుంది. యూనిట్ ఖర్చులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షల రూపాయలు. మీ వాటా కనీసం 10 శాతం.

లెక్క చూద్దాం. 6 లక్షల యూనిట్ అనుకోండి. మీరు 60 వేలు పెడితే బ్యాంకు 5 లక్షల 40 వేలు ఇస్తుంది. సబ్సిడీ 2 లక్షల 10 వేలు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ డబ్బు మీ చేతికి రాదు. బ్యాంకులో మీ పేరిట విడిగా ఉంటుంది. లోను చివరి విడత ఇచ్చాక మూడేళ్ల పాటు కంతులు సక్రమంగా కట్టి, యూనిట్ నడుస్తుంటేనే అప్పులో జమ చేసుకుంటారు. సబ్సిడీ రాగానే మూసేద్దాం అనుకుంటే మొత్తం అప్పు మీ నెత్తినే పడుతుంది.

పెద్ద యూనిట్ వద్దు, ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేస్తాం అంటే, ఆహార పదార్థాలు తయారుచేసే సంఘ సభ్యురాలికి ఇదే పథకంలో 40 వేల దాకా మూలధనం ఉంది. అది సమాఖ్య ద్వారా అప్పుగా వస్తుంది, తిరిగి కట్టాలి. ఆహారం కాని పనులకు, అంటే కుట్టుపని, రిపేరు షాపు లాంటి వాటికి, ముద్ర శిశు కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా బ్యాంకులో అడగొచ్చు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. పీఎంఎఫ్ఎంఈ దరఖాస్తు, ప్రాజెక్టు రిపోర్టు తయారీలో సాయానికి జిల్లాలో రిసోర్స్ పర్సన్లు ఉన్నారు, వాళ్లకు ఫీజు పథకం నుంచే అందుతుంది. మధ్యలో ఎవరైనా "ఫైలు కదలాలంటే" అని డబ్బడిగితే ఇవ్వకండి, కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి.

వెలుగు ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, సంఘం తీర్మానం కాపీ తీసుకెళ్లండి. పథకం గడువు ఉందో లేదో ముందే అడగండి. ఇంకో కాగితం కూడా పెట్టుకోండి: మీరు చేయబోయేది మీ ఊళ్లో ఇప్పుడు ఎవరు కొంటున్నారు, ఎక్కడ కొంటున్నారు, ఎంతకు కొంటున్నారు. పది ఇళ్లు తిరిగి రాసుకుంటే సరిపోతుంది. బ్యాంకు మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న దాదాపు అదే.