తాగని వారికీ లివరు జబ్బు

జుమా నమాజు ముగిసి మసీదు మెట్లు దిగుతూ ఒకరి యోగక్షేమాలు ఒకరం అడుగుతాం. దాచేపల్లిలోనైనా మరే ఊళ్ళోనైనా ఇది మన అలవాటు. మోకాళ్ళ నొప్పి చెప్పుకుంటాం, షుగరు చెప్పుకుంటాం. స్కానింగులో ‘ఫ్యాటీ లివర్’ అని వస్తే మాత్రం ఆ కాగితం దాచేస్తాం. లివరు చెడిందంటే తాగుతున్నాడని నలుగురూ అనుకుంటారేమోనన్న భయం!

నిజానికి మద్యం చుక్క ముట్టని వారికీ ఈ జబ్బు వస్తుంది. ఇంట్లో ఆడవారికీ వస్తుంది. తిన్నది ఖర్చు కాకపోతే శరీరం దానిని కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. ఆ కొవ్వు కాలేయానికీ పడుతుంది. నొప్పి ఉండదు. కాని అలాంటి కాలేయం రక్తంలోకి చక్కెరను, కొవ్వును ఎక్కువగా వదులుతుంది. దాని వెంట షుగరు, రక్తనాళాల్లో పూడిక, గుండెజబ్బు వస్తాయి. ఈ రోగుల ప్రాణాలను ఎక్కువగా తీసేది లివరు కాదు, గుండెజబ్బే. కేంద్ర ప్రభుత్వం 2021లో దీనిని షుగరు, గుండెజబ్బుల నివారణ కార్యక్రమంలో చేర్చింది అందుకే.

హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించగా 84 శాతం మందికి ఈ జబ్బు ఉన్నట్లు 2025లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది. అది పట్నం సంగతి అనుకోవద్దు. మిరప చేలకు నడిచి వెళ్ళిన మన పెద్దల కాలం వేరు. నేడు వీధి చివరి మసీదుకూ బండి మీదే వెళుతున్నాం.

కడుపులో ఒక భాగం ఆహారానికి, ఒక భాగం నీటికి, ఒక భాగం ఊపిరికి చాలునని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. దావత్‌లో బిర్యానీ మీద బిర్యానీ వడ్డించుకునేటప్పుడు ఆ బోధన గుర్తుకు రావాలి. ఇఫ్తార్‌లో బజ్జీలు, సమోసాలు, తీపి షర్బత్ తగ్గించి పండ్లు తీసుకుందాం. రోజూ అరగంట నడుద్దాం. 80 కిలోల బరువున్న వ్యక్తి నెమ్మదిగా 6 నుంచి 8 కిలోలు తగ్గితే కాలేయం చాలావరకు కోలుకుంటుంది. పసరు మందుల జోలికి పోకుండా డాక్టరును కలిసి షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి.

శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దానిని కాపాడుకోవడంలో సిగ్గెందుకు? సాటివారిని అనవసరంగా అనుమానించడమే పాపం. రిపోర్టు దాచుకున్న సోదరునికి ధైర్యం చెప్పి, ఆస్పత్రికి తోడు వెళదాం. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.