బొమ్మా బొరుసూ వేసి తీసిన ఫొటో

షుగరు కంట్లోకి దిగాక కూడా చాలాకాలం చూపు బాగానే ఉంటుంది. అసలు చిక్కంతా అక్కడే. రెటీనాలోని సన్నని రక్తనాళాల గోడలు బలహీనపడి, అక్కడక్కడ చిన్న బుడిపెలు లేస్తాయి. వాటిలోంచి నీరు, కొవ్వు, నెత్తురు బయటికి ఊరుతుంటాయి. కొన్ని నాళాలైతే మూసుకుపోతాయి. మనిషికి మాత్రం నొప్పి ఉండదు.

బతికున్న మనిషి కంటి లోపలికి తొంగిచూసే పరికరాన్ని జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ 1851లో లోకానికి చూపాడు. 1926 నాటికి జైస్ కంపెనీ రెటీనా ఫొటోలు తీసే కెమెరా తెచ్చింది. దానిలో నెత్తుటి మచ్చలు కనిపించేవి. ఏ నాళం కారుతోందో, ఏది పూడిందో చాలావరకు ఊహే.

ఆ ఊహకు ముగింపు పలికింది పేరున్న కంటి డాక్టర్లు కాదు, అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతున్న ఇద్దరు కుర్రాళ్ళు: హెరాల్డ్ నోవోట్నీ, డేవిడ్ ఆల్విస్. ఫ్లోరెసిన్ అనే రంగుమీద నీలికాంతి పడితే అది పసుపు కలిసిన ఆకుపచ్చగా వెలుగుతుంది. రంగును చేతి నరంలోకి ఎక్కిస్తే పది పదిహేను సెకన్లలో కంటికి చేరుతుంది. ఫ్లాష్ ముందు నీలికాంతిని మాత్రమే వదిలే ఫిల్టరు, ఫిల్ము ముందు ఆ నీలాన్ని ఆపేసే మరో ఫిల్టరు పెట్టారు. ఇక ఫిల్ముకు అందేది రంగు వెలుగొక్కటే. ముందు సూది ఎవరికి? బొమ్మా బొరుసూ వేశారు, ఆల్విస్ దొరికిపోయాడు.

వరుసగా తీసిన ఫొటోల్లో నెత్తురు ప్రవహించడం కనబడింది. షుగరు రోగుల కళ్ళలో బుడిపెలు చుక్కల్లా మెరుస్తాయి, పూడిన చోటు నల్లగా మిగులుతుంది, రోగం ముదిరి కొత్తగా మొలిచిన నాళాల చుట్టూ రంగు అలుక్కుపోతుంది. ఇంత సంగతిని ఒక కంటివైద్య పత్రిక తిప్పి పంపింది! చివరికి 1961లో అచ్చువేసింది ‘సర్క్యులేషన్’ అనే గుండెజబ్బుల పత్రిక. లేజరుతో ఎక్కడ కాల్చాలో చూపే పటాలు తరవాత ఈ ఫొటోలే అయ్యాయి.

1991లో వచ్చిన ఓసీటీ అనే స్కానింగ్ పద్ధతి, వెనక్కి తిరిగొచ్చే కాంతిని బట్టి రెటీనా పొరలను అడ్డంగా కోసినట్టు చూపుతుంది. వాపు ఎన్ని మైక్రాన్లో చెబుతుంది, సూది అక్కర్లేదు. దాని తరవాతి తరం యంత్రం రక్తకణాల కదలికను పసిగట్టి నాళాల పటమే గీస్తుంది. అయితే కారడం దానికి చిక్కదు. అది తెలియాలంటే రంగు నాళం గోడ దాటి బయటికి రావాల్సిందే. అందుకే కొందరికి ఇప్పటికీ సూది తప్పడం లేదు. కాసేపు ఒళ్ళు పసుపురంగు తేలుతుందనీ, మూత్రం నారింజరంగులో వస్తుందనీ, కంగారుపడొద్దనీ ముందే చెప్పి మరీ పంపుతారు.