ఖర్జూరాల ఊరు.. రెండు క్లబ్బుల జోరు

ఆగస్టు వచ్చిందంటే సౌదీ అరేబియా పట్టణం ఉనైజాలో పొద్దు పొడవకముందే సందడి మొదలవుతుంది. సుక్కరీ ఖర్జూరం పెట్టెలు పేర్చుకున్న పికప్ బళ్లు మార్కెట్‌లో బారులు తీరతాయి. వేలం పాడేవాళ్లు ఒక్కో బండి దగ్గర ఆగి, గొంతెత్తి ధర పెంచుతారు. తేనె రంగులో ఉండి, నోట్లో వేసుకోగానే కరిగే ఈ పండే ఉనైజా ఉన్న అల్ ఖసీమ్ ప్రాంతానికి పేరు తెచ్చింది.

చుట్టూ ఎడారే అయినా ఈ ఊరు బయటి ప్రపంచానికి ఎప్పుడూ దూరం కాలేదు. ఇక్కడి బస్సామ్ వర్తకులు బొంబాయి దాకా వ్యాపారం చేశారు. 1878లో ఇంగ్లిష్ యాత్రికుడు చార్లెస్ డౌటీని ఆదరించినవాళ్లలో ఆ కుటుంబీకులూ ఉన్నారు. లెబనాన్ రచయిత అమీన్ రిహానీ ఉనైజాను ‘నజ్ద్ (మధ్య అరేబియా) పారిస్’ అని మెచ్చుకున్నాడు. బస్సామ్ కుటుంబం పేరు మీదున్న మట్టి మేడ బైత్ అల్ బస్సామ్‌ను ఇప్పటికీ చూడొచ్చు.

ఉనైజాకు ఇప్పుడు ఆటతోనూ గుర్తింపు దక్కుతోంది. అల్ అరబీ, అల్ నజ్మా.. రెండు క్లబ్బులూ ఈ ఊరివే. 2024-25లో రెండో శ్రేణి ఫుట్‌బాల్ లీగ్‌లో నియోమ్ క్లబ్ తర్వాతి స్థానంలో నిలిచిన అల్ నజ్మా, రెండు దశాబ్దాలకు పైగా ఎదురుచూశాక మళ్లీ అగ్రశ్రేణి సౌదీ ప్రో లీగ్‌లో అడుగుపెట్టింది. రొనాల్డో ఆడుతున్న అల్ నస్ర్‌తో తలపడే అర్హత ఒక ఖర్జూరాల ఊరికి దక్కింది. సౌదీలో క్లబ్ అంటే ఫుట్‌బాల్ ఒక్కటే కాదు, పలు ఆటలకు అదే నీడ. అందుకే ఆటను బతుకుదెరువుగా ఎంచుకోవాలనుకునే కుర్రాడికి మొదటి మెట్టు సొంత ఊళ్లోనే దొరుకుతుంది.

ఫుట్‌బాల్ సంగతి అలా ఉంచితే, జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ సెవెన్స్ ఆటగాడికి సొంత ఊళ్లో దొరికే ఆ మెట్టు మరీ ముఖ్యం. ఏడేసి నిమిషాల రెండు భాగాల్లో పరుగు, ఢీకొనడం, పడి లేవడం; ఒళ్లు సహకరించే ఏళ్లు తక్కువ. చిన్నప్పుడే మొదలుపెట్టకపోతే ఆలస్యమైపోతుంది. సొంత ఊళ్లోనే ఆట దొరికితే ఏమవుతుందో ఫిజీ చూపింది. ఒకప్పుడు తెలుగువాళ్లు చెరకు తోటల్లో పనికి వలస వెళ్లిన ఆ దేశంలో ఊరూరా రగ్బీ ఆడతారు. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో ఆ చిన్న దేశం 43-7తో బ్రిటన్‌ను ఓడించి, తన చరిత్రలో తొలి ఒలింపిక్ పతకాన్ని స్వర్ణంతోనే అందుకుంది.

మనకూ ఒక జట్టు వచ్చింది. 2025 జూన్‌లో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లోని ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. అయితే ఆ తొలి లీగ్ మొత్తం ముంబైలోనే జరిగింది. మన ఊరి పేరు జెర్సీ మీదకు ఎక్కడం సంతోషమే. కానీ ఆటగాళ్లు తయారయ్యేది ఏడాది పొడవునా తెరిచి ఉండే మైదానంలో, రోజూ సాయంత్రం పిల్లల్ని పిలిచి ఆడించే కోచ్ దగ్గర. ఉనైజా ఆ ఏర్పాటును తరాలుగా నిలబెట్టుకుంది. వరంగల్, కర్నూలు, విజయనగరం లాంటి ఊళ్లలోనూ అలాంటి క్లబ్బులు రావాలి. అప్పుడే రగ్బీని నమ్ముకుని బతకగల తెలుగు ఆటగాడు మన ముందుకొస్తాడు.