రోగం ముదరకముందే చేయదగిన సాయం: యువ పరిశోధకులకు చేయూత

మనవంటి సంఘాల దగ్గరికి క్యాన్సర్ చాలావరకు ఒకే రూపంలో వస్తుంది. ఆసుపత్రి ఇచ్చిన ఖర్చుల అంచనా కాగితం, దానితోపాటు సాయం కోరుతూ ఒక దరఖాస్తు. దాతలు శక్తికొద్దీ ఇస్తారు. ఇవ్వాలి కూడా. కానీ రోగం అప్పటికే బాగా ముదిరి ఉంటే లక్షలు పోసినా ప్రాణం దక్కుతుందన్న భరోసా ఉండదు. అందుకే, చికిత్సకు ఇచ్చే సాయంలో ఒక్క పైసా తగ్గించకుండానే, అంతకు ముందు మెట్టు గురించి కూడా ఆలోచించాలని దాతలకు మనవి చేస్తున్నాం. ఆ మెట్టు పేరు నివారణ. దానికి దారి చూపేది పరిశోధన.

నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ - ఈ మూడింటినీ తొలిదశలోనే కనిపెట్టే వీలుంది. 30 ఏళ్లు దాటినవారికి వీటి పరీక్షలు చేయాలని 2016లోనే కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 30-49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు.

పరీక్ష ఉంది, చేయించుకునేవారే లేరు. కారణమేమిటి? పరీక్ష చేసేది స్త్రీయేనా అన్న సందేహమా? కూలి పోతుందన్న బెంగా? రోగం బయటపడితే ఇంట్లో ఆడపిల్లల పెళ్లిళ్లకు అడ్డమవుతుందన్న భయమా? కరపత్రం తెలుగులో ఉండి, చదవవలసినవారికి ఉర్దూ మాత్రమే రావడమా? ఒక్కో పేటలో ఒక్కో జవాబు ఉండవచ్చు. జవాబు తెలియకుండా ఎన్ని శిబిరాలు పెట్టినా కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. ఇంటింటికీ వెళ్లి అడిగి, లెక్కకట్టి, ఒక పద్ధతిని అమలుచేసి, ఫలితాన్ని కొలవాలి. పరిశోధన అని మేము అంటున్నది దీన్నే.

ఇలాంటి పని మన నేలమీదే జరిగింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. దాన్ని అడ్డపొగ అంటారు. ఇది ఆడవాళ్లలోనే ఎక్కువ. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని 1945లోనే ఖానోల్కర్, సూర్యాబాయి అనే పరిశోధకులు రాశారు. తరువాత బొంబాయిలోని టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థకు చెందిన ఫలీ మెహతా బృందం, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్‌తో కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించింది. ఆ ఫలితాలు 1971లో వెలువడ్డాయి. వారు అక్కడితో ఆగలేదు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో సుమారు 36,000 మంది పొగాకు వాడేవారిని ఏటా కలుస్తూ, మానమని వారికి అర్థమయ్యే రీతిలో చెబుతూ వచ్చారు. అలవాటు మానినవారి, తగ్గించినవారి నోళ్లలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గాయి. మాటతో కూడా క్యాన్సర్‌ను అడ్డుకోవచ్చని నమ్మకంగా చెప్పగలిగింది ఆ లెక్కల వల్లనే.

మరో ఉదాహరణ ముంబై మురికివాడలది. అక్కడ టాటా మెమోరియల్ వైద్యులు పదో తరగతి చదివిన స్త్రీలకు శిక్షణ ఇచ్చి, పలచని వెనిగర్ ద్రావణం పూసి గర్భాశయ ముఖద్వారాన్ని పరిశీలించే పని అప్పగించారు. పెద్ద యంత్రమేదీ అక్కరలేదు. లక్షన్నర మంది స్త్రీలపై సాగిన ఆ అధ్యయనంలో, పరీక్షలు జరిగిన వాడల్లో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తక్కువగా ఉన్నాయని 12 సంవత్సరాల తరువాత తేలింది. ఒక్కరోజులో తేలే సంగతి కాదిది. ఓపికగా డబ్బు పెట్టేవారు ఉంటేనే తేలుతుంది.

పరిశోధన పేరుతో జరిగేదంతా మంచిదేనని మేము అనడం లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే. ఒక్క మోతాదు కూడా బాగా పనిచేస్తుందని తరువాతి అధ్యయనాలు చూపాయి. అయినా అమ్మానాన్నలను అడగకుండా చేసిన పని నమ్మకాన్ని దెబ్బతీస్తుంది. బడిలో పనిచేసే మాకు దీని బరువు తెలుసు. తల్లిదండ్రుల స్థానంలో మా సంతకం చెల్లదు.

ఇక యువ పరిశోధకులకే ఎందుకివ్వాలి? ఎండీ, ఎండీఎస్, పీహెచ్‌డీ పూర్తిచేసి బయటికి వచ్చినవారికి తొలి అయిదారేళ్లే కష్టకాలం. పెద్ద గ్రాంటు కావాలంటే ఇంతకుముందు చేసిన పని చూపమంటారు. పని చేయాలంటే గ్రాంటు కావాలి. హైదరాబాద్ కేంద్రంగా 2008 నుంచి నడుస్తున్న ఇండియా అలయన్స్ వంటి సంస్థలు తొలిదశ పరిశోధకులకు ఫెలోషిప్‌లు ఇస్తున్నాయి. అయితే అక్కడ పోటీ దేశం మొత్తం నుంచి ఉంటుంది. ఆ పోటీలో నిలవడానికి ముందు ఒక చిన్న అధ్యయనం చేసి ఉండాలి. ఆ చిన్న అధ్యయనానికి డబ్బు పెట్టేవారు అరుదు. స్థానిక దాతల సాయం సరిగ్గా అక్కడే అక్కరకొస్తుంది. పైగా ఇక్కడి యువతీయువకులకు మన వీధుల భాష తెలుసు, ఏ వేళకు వెళ్తే ఏ ఇంట్లో ఎవరుంటారో తెలుసు.

ఆ డబ్బు దేనికి ఖర్చవుతుంది? పరిశోధకుని నెలసరి భత్యానికి, ఇంటింటికీ తిరిగే మహిళా కార్యకర్తల వేతనానికి, ప్రయాణాలకు, తెలుగు-ఉర్దూ ప్రశ్నావళి ముద్రణకు. ఇందులో మేడలు లేవు, శిలాఫలకాలు లేవు. జకాత్ సొమ్ముకు హక్కుదారులు నిర్ణయమై ఉన్నారు కనుక, ఇటువంటి పనికి సదఖా, సాధారణ విరాళాలను ఉద్దేశించడం మంచిది. సందేహముంటే ఉలమాను అడిగి తెలుసుకోవాలి.

ఇచ్చే ముందు దాతలు నాలుగు సంగతులు అడిగి తీరాలి. అధ్యయనానికి గుర్తింపు పొందిన ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? పాల్గొనేవారి సమ్మతిని వారి భాషలోనే తీసుకుంటున్నారా? అనుభవజ్ఞులైన గైడ్ ఉన్నారా? పరీక్షలో అనుమానం తేలినవారిని ఏ ఆసుపత్రికి పంపుతారు, ఖర్చు ఎవరు భరిస్తారు? చివరి ప్రశ్నకు జవాబు లేని అధ్యయనానికి రూపాయి కూడా ఇవ్వవద్దు. రోగం ఉందని చెప్పి వదిలేయడం సేవ కాదు.

ఫలితం ఏదైనా, మొదట ఆ పేటవారికే వచ్చి చెప్పాలన్న షరతు కూడా పెట్టండి. అనుకున్నది జరగలేదని తేలినా ఆ సొమ్ము వృథా కాదు. తరువాత వచ్చేవారు అదే దారిలో మళ్లీ ఖర్చుపెట్టకుండా ఆగుతారు. చికిత్స నిధిలో వేసే ప్రతి పది రూపాయలకూ తోడుగా ఒక్క రూపాయి ఈ పనికి కేటాయించినా, కొన్నేళ్లకు మన దగ్గరికి వచ్చే అంచనా కాగితాలు కొన్నైనా తగ్గుతాయని ఆశిస్తున్నాం.